పదకొండు చొక్కాలు

ఈ రోజు శుక్రవారం సెలవు కాబట్టి, సాయంత్రం మేం పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలోని సహం ఊళ్లో మా కంపెనీకీ ఇంకో కంపెనీకీ ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. మావాళ్లు ఊరికే ఆడరు. ఆడిన పూటకు ఓవర్‌టైం రాస్తారు, గెలిస్తే మా ఓనరు అర్బాబ్ బిర్యానీ పంపిస్తాడు.

మా రూమ్‌లో ఉండే ఖలీల్ భాయ్ ఒకప్పుడు హైదరాబాద్‌లో కాలేజీ టీమ్‌కు ఆడాడు. ఈ రోజు ఆట మధ్యలో ఆయన మోకాలు మెలి తిరిగి ఇసుకలో పడిపోయాడు. ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. కంపెనీ కుట్టించిన చొక్కాలు పదకొండే. అందుకని ముందు ఖలీల్ భాయ్ ఒంటి మీది చొక్కా విప్పించి ఇంకొకడికి తొడిగించాడు. ఆ తర్వాతే ఆయన్ని గీత అవతలికి జరిపించాడు. మ్యాచ్ మేమే గెలిచాం.

రూమ్‌కొచ్చాక మోకాలికి ఐసు పెడుతూ అడిగాను.

"కాలేజీల ఆడినప్పుడు గూడ గిట్ల పడ్డవా భాయ్?"

"పడ్డ. ఆట అక్కడ్నే ఆపేసిన్రు. అవతలి కాలేజోళ్లే నన్ను ఎత్తుకొని దవాఖానకు తీస్కపోయిన్రు."

"మరి గెలిచిందెవరు?"

ఆయన ఐసును మోకాలి మీద ఇంకొంచెం పైకి జరుపుకున్నాడు. "యాదికొస్తలేదు. రేపు డ్యూటీకి మెట్లెట్ల ఎక్కాలె?"

పైసలిచ్చి ఆడించే ఆటే అసలు ఆట అనేవాళ్లు ఎవరైనా ఉంటే మా రూమ్‌కు వచ్చి ఆ మాట ఖలీల్ భాయ్‌తో చెప్పండి. రూమ్‌లోనే ఉంటాం. బిర్యానీ చొక్కాలున్న పదకొండు మందికే వచ్చింది, మా ఇద్దరికీ నేను పప్పు వండుతున్నాను.