మామ నోట తిరుగుబోతు పాట

కేజీఎఫ్ గనిలో మా మేనమామ ఫిట్టరు. సాయంత్రమైతే గిటారు పట్టుకునేవాడు. తెలిసినవాళ్ళింట పెళ్ళి జరిగితే చాలు, ఒక పాత ఇంగ్లీషు పాట పాడాల్సిందే. ఆ పాటలో ఊరూరా తిరిగే ఒకడు, వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. ఆ అమ్మాయిల పేర్లన్నీ వరసగా వస్తాయందులో. మామ మాత్రం ఇల్లు వదిలి పక్కనున్న బేతమంగళలో కూడా ఒక రాత్రి పడుకున్న మనిషి కాడు.

అత్తకు ఆ పాటంటే పడదు. "చర్చి పెద్దల ముందర ఆ పాటేంది? సిగ్గుగా ఉండాది నాకు" అనేది. కూతురి పెళ్ళి కుదిరాక గట్టిగా చెప్పేసింది. మామ గిటారును బీరువా మీదికి ఎక్కించాడు.

పోయిన ఏడాది ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది గానీ మాట పోయింది. ఏదో చెప్పబోయి, రాక, కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. తమక అనే ఊళ్ళోని ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేదాన్ని. అక్కడ మాట నేర్పే అమ్మాయి, "మాట రాకపోయినా ఒక్కోసారి పాట వస్తాదమ్మా. బాగా అలవాటైన పాట ఇంట్లో పాడించండి" అంది.

అత్త కీర్తనలు మొదలుపెట్టింది. మామ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు.

"మామకు అలవాటైన పాట ఇది కాదు కదత్తా" అన్నాను ఒక ఆదివారం.

అత్త మంచం పట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ, ఆ ఇంగ్లీషు పాట మొదటి చరణం పాడింది. రెండోది మామ అందుకున్నాడు! గొంతు బొంగురుగా ఉంది, మాట మాత్రం తడబడలేదు. ఒక్క అమ్మాయినీ వదల్లేదు.

అత్త నవ్వుతూనే ఏడ్చేసింది. "చూసినావామ్మా! కట్టుకున్నదాని పేరు రాలేదు, వీళ్ళందరూ వచ్చేసినారు!"

మర్నాటి నుంచి పాటలో ఒకమ్మాయిని తీసేసి, ఆ చోట తన పేరు పెట్టి పాడసాగింది. మామ పాత పేరే పాడేవాడు. "ఆమె ఎళ్ళిపోయినాది. ఇంగ నేనే ఉండేది" అని ఆపి, మళ్ళీ పాడించేది. కొన్నాళ్ళకు అత్త పేరు పలికింది. ఆ తర్వాత ఒక పొద్దున, పాటేమీ లేకుండానే, వంటింట్లో ఉన్న ఆవిడను పేరు పెట్టి పిలిచాడు. పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది అత్త.

ఇప్పుడు నీళ్ళు, కాఫీ, చాలు అనగలుగుతున్నాడు. మిగతా మాటల కోసం ఇద్దరూ రోజూ కూర్చుంటున్నారు.