నాలుగు ప్రశ్న గుర్తులు

నేను నోరున్న మనిషిని. ఆఫీసులో, ఇంట్లో, వీధి చివర ఆటో స్టాండులో, అందరికీ ఈ సంగతి తెలుసు. వాదన మొదలైతే చివరి మాట నాదే కావాలి. అలాంటి నేను ఒక్క మాట మాత్రం బయటికి చెప్పలేక ఏళ్ల తరబడి మోస్తూ వచ్చాను. ఎంత చిన్న మాటో చెబితే నవ్వుతారు. తప్పు నాదే. అంతే. కాదు, అది కూడా పూర్తి నిజం కాదు. తప్పు నాదని చెప్పడం వేరు, నాదని తెలిసీ ఇంకొకరి నెత్తిన రుద్దానని చెప్పడం వేరు. నేను చెప్పాల్సింది రెండోది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మీరు నాకు ఎదురు మాట్లాడలేరు. నేను మీ మీద గెలవలేను.

హన్మకొండలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామర్‌ని. దుకాణాలవాళ్లు ఫోనులో బిల్లులు వేసుకునే యాప్ తయారుచేస్తాం. మా దగ్గర ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి. కొత్తగా చేరినవాళ్లు చేయాల్సిన మొదటి పని, దాని మీద మా సాఫ్ట్‌వేర్లన్నీ ఎక్కించుకోవడం. బయటివాళ్లకు ఇదొక పూట పనిలా కనిపిస్తుంది. చేసినవాళ్లకు తెలుస్తుంది. ఒకటి ఎక్కాలంటే ఇంకోటి ముందే ఉండాలి. ఆ ఇంకోటి పాతదైతే ఒప్పుకోదు, మరీ కొత్తదైనా ఒప్పుకోదు. ఒప్పుకున్నాక లాప్‌టాప్‌ను ఒకసారి ఆపి పెట్టమంటుంది, పెట్టాక ఏమీ ఎరగనట్టు మళ్లీ మొదటి నుంచి అడుగుతుంది. చివరికి ఎర్ర అక్షరాలు పేజీలకు పేజీలు వచ్చి పడతాయి. తప్పెక్కడో తప్ప అందులో అన్నీ ఉంటాయి.

ఈ బాధ పడలేక నేనే ఒక సెటప్ గైడ్ రాశాను. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఏం నొక్కాలి, అన్నీ. దాన్ని పట్టుకుని చాలామంది గట్టెక్కారు. యాప్‌లో నేను రాసిన కోడ్ కంటే కూడా ఆ గైడంటేనే నాకు గర్వం.

రజిత చేరింది అప్పుడే. రోజూ స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి కాజీపేటలో దిగి, ఆటోలో వచ్చేది. పాప పుట్టకముందు హైదరాబాదులో ఇదే పని చేసేదట. పాప కాస్త పెద్దదయ్యాక మళ్లీ మొదలుపెడదామని వచ్చింది. ఒక నెల పని చూసి, ఉంచుకునేదీ లేనిదీ చెబుతానన్నారు మా కంపెనీ సార్. నెల అంటే ఆమెకు ఏమిటో నాకు తెలుసు. ఇంట్లో ఒప్పించి వచ్చిన నెల అది. ఇది కుదరకపోతే మళ్లీ అడిగే ముఖం ఉండదని తనే చెప్పింది.

చేరిన రోజే, మీటింగులో నా కోడ్‌ను ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపిస్తుంటే, వాపసు వచ్చిన సరుకు స్టాకులో రెండుసార్లు కలుస్తోందేమో అక్కా అని మెల్లగా అడిగింది. చాయ్ చల్లారేదాకా వాదించాను. అందరూ లేచిపోయాక చూసుకుంటే ఆమె చెప్పిందే నిజం. చప్పుడు చేయకుండా సరిచేశాను. నేనెలాంటిదాన్నో నాకు ఆ రోజే అర్థమై ఉండాల్సింది.

ఆమె లాప్‌టాప్‌లో సెటప్ కాలేదు. గైడ్‌లో ఉన్నట్టే చేసింది. చివరికొచ్చేసరికి ఫోల్డర్ దొరకలేదంటూ ఎర్ర అక్షరాలు. అన్నీ తీసేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అవే. ఆఫీసు నెట్ వదిలేసి తన ఫోన్ నెట్‌తో ప్రయత్నించింది. యాంటీవైరస్ ఆపి చూసింది. వారం గడిచిపోయింది. ఒకనాడు అందరూ ఉండగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీ గైడ్‌ల ఏదో ఒకటి తక్కువున్నట్టుంది."

ఎత్తిపొడుపు కాదు. నిజంగా అడిగింది. నాకు మాత్రం మంట పుట్టింది.

"గైడ్‌ల ఏం తక్కువలేదు. నీకే సదివే ఓపిక తక్కువున్నది" అన్నాను.

నలుగురూ నవ్వారు. నాకు బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

మర్నాడు మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆమె కుర్చీలో కూర్చున్నాను. సాయం చేద్దామని కాదు. నా గైడ్ తప్పు కాదని ఒకసారి కళ్లతో చూసుకుందామని. ఎర్ర అక్షరాలను కింది నుంచి పైకి చదువుతూ పోయాను. లాప్‌టాప్ వాడే మనిషి పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, మా సాఫ్ట్‌వేర్లన్నీ అందులోనే దిగుతాయి. ఆమె పేరు ఉండాల్సిన చోట పేరు లేదు. నాలుగు ప్రశ్న గుర్తులు ఉన్నాయి. లోపలికి వెళ్లి ఆ ఫోల్డర్ తెరిచాను.

దాని పేరు తెలుగులో ఉంది. "అమ్మ" అని.

చూడగానే అంతా తెలిసిపోయింది. లాప్‌టాప్ కొన్న రోజు, పేరేమిటని అది అడిగితే ఎవరో ఆ మాట రాశారు. ఆఫీసులో బాగుండదని రజిత తర్వాత దాన్ని ఇంగ్లీషులో తన పేరుగా మార్చుకుంది. తెరిచేటప్పుడు రజిత అనే కనిపిస్తుంది కూడా. కానీ అదంతా బయటి బోర్డు. ఆపరేటింగ్ సిస్టమ్ ఒకసారి ఫోల్డర్‌కు పెట్టిన పేరు తర్వాత మార్చదు. మార్చలేదని మనకు చెప్పదు కూడా. మేం వాడే సాఫ్ట్‌వేర్లలో ఒకదానికి తెలుగు చదవడం రాదు. చదవలేని ప్రతి దానికీ ఒక ప్రశ్న గుర్తు వేసుకుంటూ పోతుంది. మన కంటికి రెండక్షరాలే, కంప్యూటర్ వాటిని విడగొట్టి నాలుగుగా లెక్కపెడుతుంది. నాలుగు ప్రశ్న గుర్తుల పేరున్న ఫోల్డర్ కోసం వెతుకుతుంది. అలాంటిది లోకంలో ఉండదు. దొరకలేదంటుంది.

ఎంత సిగ్గుమాలిన పనో చూడండి. నాకు చదవడం రాదు అనదు. నీ దగ్గర ఫోల్డర్ లేదంటుంది. తనకు చేతకానిదాన్ని ఎదుటి మనిషి లోపంగా ఎర్ర అక్షరాల్లో రాసిపెడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లను అక్కడే కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. చేయాల్సింది ఏమంత పెద్ద పని కాదు. ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో యూజర్ పేరు పెట్టుకుని, లాప్‌టాప్‌ను ఆ పేరుతో తెరిస్తే సరిపోతుంది. చాయ్ తాగేంత సేపు పట్టదు. నా గైడ్‌లో ఒక్క వాక్యం కలిపితే ఇంకెవరికీ ఈ తంటా ఉండదు.

ఆ వాక్యం నా గైడ్‌లో లేదు. అంటే, తక్కువున్నది.

రజిత తడి డబ్బా పట్టుకుని వచ్చింది. "ఏమన్న దొరికిందా అక్కా?"

"లేదు."

ఆమె నా భుజం మీదుగా వంగి, వేలు సరిగ్గా అక్కడే పెట్టింది. "గీ ప్రశ్న గుర్తులేంది? నాకు గిక్కడనే అనుమానం కొడుతాంది."

"అవా? ఫాంట్ సక్కగ లేక అట్ల కనవడ్తయ్. వాటి గురించి ఫికర్ చెయ్యకు. ఫార్మాట్ కొట్టి అంత మొదటి నుంచి ఎక్కియ్యి."

"సరే అక్కా" అంది. నమ్మింది. ఎందుకు నమ్మదు? అప్పటికే ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నదాన్ని చెబుతుంటే.

ఎందుకన్నాను ఆ మాట? ఎన్నిసార్లు అడుక్కున్నానో. ఆమె మీద పగ లేదు, ఆమె పోతే నాకు వచ్చేదీ లేదు. నిజం చెబితే నిన్న నవ్విన నలుగురినీ పిలిచి, నవ్వాల్సింది ఆమెను చూసి కాదు నన్ను చూసి అని చెప్పాలి. అంతే కదా. దానికే? అంత చిన్నదానికేనా? అవును, దానికే. పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను, దొరకలేదు. ఇంకో లెక్క కూడా వేసుకున్నాను అప్పుడు. ఫార్మాట్ చేశాక మళ్లీ పేరు అడుగుతుంది కదా, ఈసారి ఇంగ్లీషులోనే రాస్తుంది, సెటప్ దానంతటదే అయిపోతుంది, ఆమె ఉద్యోగమూ ఉంటుంది, నా మాటా ఉంటుంది. అలా అనుకుని ఆ పూట అన్నం కూడా తిన్నాను.

మర్నాడు ఆమె నవ్వుతూ వచ్చింది. ఫార్మాట్‌లో లాప్‌టాప్ మొత్తం చెరిగి, అందులో పాప గీసుకున్న బొమ్మలన్నీ పోయాయట. అవి దాచడం మరిచిపోయిందట. పాప ఒకటే ఏడుపు.

"మల్ల పేరు నేనే రాస్తనని కొట్లాట పెట్టింది అక్కా. రాయనిస్తే గని ఊకోలే."

మళ్లీ అదే మాట రాసింది పాప. మొదటిసారి రాసింది కూడా తనే. నేనిచ్చిన సలహా వల్ల పోయిన బొమ్మల కోసం ఏడ్చి, ఆ ఏడుపు మానడానికి రాసింది. అది విన్నాక కూడా నోరు తెరవలేదు. మొదటి అబద్ధం కోపంలో వచ్చిందని చెప్పుకోవచ్చు. ఆ రోజు నాకు కోపం లేదు. తీరిగ్గా, పక్క కుర్చీలో కూర్చుని, ఆమె మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవడం చూశాను. మళ్లీ ఎర్ర అక్షరాలు. మళ్లీ నాలుగు ప్రశ్న గుర్తులు. ఈసారి ఆమె వాటి మీద వేలు పెట్టలేదు. ఫికర్ చెయ్యకు అన్నాను కదా.

నెలాఖరుకు సార్ నన్ను గదిలోకి పిలిచి, రజిత సంగతి ఏమంటావమ్మా అన్నారు.

"సెటప్పే చేసుకోరానామె కోడ్ ఏం రాస్తది సార్?"

ఎంత చురుగ్గా వచ్చిందో ఆ మాట. నా మాటలన్నీ అలాగే వస్తాయి.

సాయంత్రం రజిత మెడలోంచి ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. నా దగ్గర ఆగింది. "నాకే రాదేమో అక్కా. ఇన్నేండ్లల్ల అంత మర్చిపోయిన కావచ్చు. నువ్వైతే శాన ఓపికతోని చూసినవ్."

ఓపిక. నేను ఆమెకు లేదన్నదే, ఆమె నాకు ఉందంది. రైలు టైమైందని వెళ్లిపోయింది.

తర్వాత గైడ్‌లో ఆ వాక్యం కలిపాను. లాప్‌టాప్‌లో యూజర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి అని. కొత్తవాళ్లు చదివి, ఇది మీకెలా తెలిసింది మేడం అని అడుగుతారు. అనుభవం అంటాను. వాళ్లు మెచ్చుకుంటారు. ఆ మెప్పు కూడా తీసుకున్నాను.

ఈమధ్య మట్టెవాడలో ఒక బట్టల దుకాణంలో మా యాప్‌కు ప్రింటర్ కలవడం లేదంటే వెళ్లాను. గల్లా దగ్గర రజిత కూర్చుని ఉంది. ఆ దుకాణం ఆమె అన్నయ్యదట. నన్ను చూసి ఎంత సంతోషపడిందో. కూర్చోబెట్టి, చల్లటి నీళ్లు ఇప్పించింది. ప్రింటర్ సంగతి అడిగితే లేచి పక్కకు జరిగింది. "నువ్వే చూడు అక్కా. నేను ముట్ట. నాకు గీ మిషన్లు అచ్చిరావు." పనిపిల్లలు లేనప్పుడు చేత్తోనే బిల్లు రాస్తుందట. గోడ మీద కనిపించిన నా కోడ్‌లో తప్పును కూర్చున్న చోటినుంచే పట్టుకున్న మనిషి, ప్రింటర్ మీటకు దూరంగా చేతులు కట్టుకుని నిలబడింది.

పాప ఎలా ఉందన్నాను. ఇంటర్ అయిపోవచ్చిందట. "కంప్యూటర్ సైన్స్ తీస్కుంటనంటాంది. నేనే వద్దంటాన. నా లెక్క అయితదని."

నోరు తెరిచాను. ప్రింటర్ దగ్గర కాసేపు గొణిగాను. దాని తీగ బాగాలేదని వాళ్ల అన్నతో తగువు పెట్టుకున్నాను. బయటికొచ్చేశాను.

తప్పును మళ్లీ రప్పించి కళ్లారా చూడనిదే దాని గురించి రాయకూడదన్నది మా పనిలో పద్ధతి. నిన్న ఆదివారం నా లాప్‌టాప్‌లో ఇంకో యూజర్ పేరు సృష్టించాను. తెలుగులో రాశాను, ఆ పాప రాసిందే. నా గైడ్ పాత రూపం తెరిచి, అందులో ఉన్నట్టే ఒక్కొక్కటీ ఎక్కించాను. ఇన్నేళ్లలో సరిచేసి ఉంటారేమో, నా పాపం కొంత పాతబడి ఉంటుందేమో అనుకున్నాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. మధ్యలో నాలుగు ప్రశ్న గుర్తులు, ఉన్నచోటే ఉన్నాయి.

దాన్ని ఫొటో తీసి, కింద నాలుగు మాటలు రాసి రజితకు పంపాను. జవాబు రాలేదు. ఎందుకు రాలేదని అడిగే నోరు నాకు లేదు. వచ్చి నాలుగు తిడితే పడతాను, ఎదురు చెప్పను. అసలు రాకపోయినా అదే చివరి మాట అనుకుంటాను. క్షమించమని మాత్రం రాయలేదు. అది రాస్తే మళ్లీ నా సంగతే అవుతుంది. ఆమెకు కావలసింది ఆమె అడిగినదానికి జవాబు. ఇన్నేళ్ల తర్వాత అదొక్కటే రాశాను.

"రజితా, అవి ఫాంట్ వల్ల వచ్చినవి కావు. నాకు అప్పుడే తెలుసు. తక్కువున్నది నా గైడ్‌లనే. నువ్వు వేలు పెట్టింది సక్కగ తప్పు మీదనే."