గార్ల వాన

మహబూబాబాద్ స్టేషన్‌ల కూసొని లాప్‌టాప్‌ల వానల లెక్క చూస్తున్న. ఊరు, నెల, ఏడాది మూడూ ఒక్క పట్టికలనే మూడు వరుసల పెట్టిన గని, ఏ వరుసకూ పేరు రాయలే. అన్నీ ఒకటి, రెండు, మూడు అని అంకెలే. సాయంత్రానికి ఆఫీసుల ఇయ్యాలె.

"ఏ వరుసకూ గుర్తు పెట్టలే... పోయిన జులైల గార్లల చుక్క పడలేదట" అని గొణిగిన.

పక్కన విత్తనాల మూటలతోటి కూసున్న తండా అవ్వ నవ్వి, ఒక మూట నా చేతుల పెట్టింది.

"దారం రంగు చూస్తే ఏ చేనో, ముడులు చూస్తే ఎన్నేండ్లదో తెలుస్తది. గిట్ల గుర్తు లేకుంటె నేనే ఆగమైత బిడ్డా."

సంచిలకెళ్లి అసలు లెక్కల కాగితాలు తీసి, సరిచూసి మూడు వరుసలకూ పేర్లు పెట్టిన. నేను ఊర్లదనుకున్న వరుస నెలలదని తేలింది.

"ఇప్పుడు పడ్డదా?" అన్నది.

"దండిగ పడ్డదవ్వా!"

"నాకెరుకే. మాది గార్లనే. నాటేసుకుంట తడిసి ముద్దయిన."