అడ్రస్ బుక్కులో లేని మనిషి

తొంభైల చివర్లో గోదావరిఖని బొగ్గుబాయిల ఏరియా ఆఫీసులో కంప్యూటర్ సెక్షన్ నాది. బాయిలకు కంప్యూటర్ మీద కబురు పంపే ప్రోగ్రాం రాసింది నేనే. మనిషి పేరు కొడితే అది అడ్రస్ బుక్కులో వెతుకుతుంది. ఒక్కరే దొరికితే ఆ మనిషి పనిచేసే బాయికి కబురు పోతుంది. ఇద్దరు ముగ్గురుంటే ఎవరికని అడుగుతుంది. ఎవరూ దొరక్కపోతే వాపస్.

ఆ వాపస్ దగ్గరే నాకూ మా ఆఫీసరుకూ లడాయి. ఒకరి పేరు మీద వచ్చిన ఉద్యోగానికి ఇంకొకరు బాయిలో దిగడం మా దగ్గర కొత్త కాదు. రికార్డులో ఒక పేరు, అమ్మ పెట్టింది ఇంకోటి.

"రెండో పేరుకు ఒక గడి పెడదాం సార్. గల్లీల కుక్కలకు గూడ తెలిసిన పేర్లు మన మిషిన్‌కే తెలవయి."

"పెడితే దొంగపేరని మనమే రాసిచ్చినట్టమ్మా. నువ్వు ప్రోగ్రాం రాయి, చట్టం రాయకు."

"చట్టం బొగ్గు తవ్వదు సార్," అన్నాను. గడి మాత్రం పెట్టనివ్వలేదు.

ఆ ఎండాకాలం, మా వెనక లైను క్వార్టర్లో ఉంటూ అలా వేరే పేరు మీదే బాయిలో దిగే, నేను అన్నా అని పిలిచే ఆయన భార్య కాన్పుకని హైదరాబాద్‌లో తల్లిగారింటికి పోయింది. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఆమె తమ్ముడు దవాఖాన నుంచి మా కంపెనీ సిటీ ఆఫీసుకు ఉరికి, "మా బావకు జల్ది కబురు చెయ్యిన్రి" అని తనకు తెలిసిన అసలు పేరే చెప్పాడు. గుమాస్తా ఆ పేరు కంప్యూటర్లో కొట్టాడు. దొరకలేదు. "గా పేరుతోని మా కంపెనీల ఎవ్వరు లేరు, పో" అన్నాడట.

మర్నాడు వాపస్ వచ్చిన కబుర్ల లిస్టులో ఆ పేరు కనిపించింది. అది అన్న అసలు పేరని నాకు తెలుసు. బాయికి ఫోన్ చేశాను. అన్న లోపల షిఫ్టులో ఉన్నాడు. పైకి రప్పించి బస్సెక్కించేసరికి పొద్దు వాలింది. ఆయన చేరేలోపే ఆమెను మట్టిచేశారు. బిడ్డ మాత్రం బతికింది, అక్కడే అమ్మమ్మ దగ్గర ఉంది.

దినాలయ్యాక డ్యూటీకొచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు.

"అన్నా, నీ అసలు పేరు నేనే ఎక్కిస్త. ఆఫీసరు నన్నేం చేసుకుంటడో చేసుకోనీ."

"నిన్నేం చేస్తడు చెల్లె? నన్ను తీసేస్తరు. బిడ్డ పాలడబ్బా కంపెనీల ఉన్న పేరు మీదనే వస్తున్నది."

"మరి రేపు బిడ్డకేమన్న అయితే నీకెట్ల తెలుస్తది?"



"మా అత్తకు కంపెనీల నాకున్న పేరు నేర్పిస్తున్న," అన్నాడు. "ముసలిదానికి నోరు తిరుగుతలేదు. బిడ్డకు మాటలొస్తే, దానికి గూడ గదే నేర్పుత."