శంకరవ్వ పీఎఫ్ పైసలు

శంకరవ్వతో బ్యాంకుకు పోవడమంటే తలనొప్పి కొని తెచ్చుకోవడమే. వరుసలో నిలబడదు, మెల్లగా మాట్లాడదు, పైగా నన్నే కసురుతుంది. అయినా వెంట వెళ్లాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఆమె ఎదురింటిదాన్ని, నేను కాకపోతే ఇంకెవరు వెళ్తారు?

మా కోరుట్లలో ముప్పై ఆరేళ్లు బీడీలు చేసిందామె. మొగుడు పోయాక ఆ కూలితోనే కొడుకు కుమార్‌ను, కూతురు నర్మదను పెంచింది. పని మానేశాక లక్షా ఎనభై వేలు పీఎఫ్ బ్యాంకు ఖాతాలో పడింది. ఇంటి మీద రేకులు మార్చుదామని మూడు నెలలకు కుమార్ బ్యాంకుకు పోతే ఖాతాలో నాలుగు వందలున్నాయి! కౌంటర్‌లో ఓంప్రకాశ్ అనే గుమాస్తా కాగితం తీసి చూపించాడు.

"మీ అవ్వనే వచ్చి తీసుకపోయింది. ఇగో, ఏలుముద్ర."

అంతే, ఇంట్లో నిప్పు అంటుకుంది. అవ్వ గుట్టుగా డబ్బు తీసి కూతురికి ఇచ్చిందని కుమార్ తేల్చేశాడు. ఎవరెంత చెప్పినా వినలేదు. "నా గడప తొక్కకు" అని చెల్లెలి ముఖం మీదే అన్నాడు. ఆటో నడిపేవాడికి ఇంత పౌరుషమా!

"పైసలు పోతే పోనీ టీచరమ్మా, నా కొడుకే నన్ను నమ్ముతలేడు" అని శంకరవ్వ మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. కుమార్‌ను పిలిచి, "రేపు పొద్దున్నే ఆటో తీయరా, మేనేజర్ దగ్గరికే పోదాం" అని గదిమాను.

మేనేజర్ పద్మలత ఆ నెలే బదిలీ మీద వచ్చింది. నేను రాసిన ఫిర్యాదు చదివి, ముద్ర వేయమని ఇంకు ప్యాడ్ జరిపింది. శంకరవ్వ బొటనవేలు అద్ది ఒత్తింది. నల్లటి మరక పడింది గానీ ఒక్క గీతా లేదు.

"జర గట్టిగ ఒత్తు అవ్వా" అంది పద్మలత.

మళ్లీ మరకే. రెండో చేతి వేలిదీ అంతే. శంకరవ్వ సిగ్గుపడిపోయింది.

"నా చేతి ఏళ్లు గంతేనమ్మా. ఆకు, తంబాకు, దారం... చుట్టి చుట్టి అరిగినయి. రేషన్ మిషిన్ల గూడ పడయి. కండ్లు చూసి బియ్యం ఇస్తరు."

పద్మలత చటుక్కున లేచి, డబ్బు తీసిన ఫారం తెప్పించింది. దాని మీద ముద్ర ఎంత చక్కగా ఉందో! సుడులన్నీ లెక్కపెట్టుకోవచ్చు. తునికాకు ముట్టి ఎరగని వేలు అది. ఎవడోగానీ, వాని నోట్లో మన్ను పడ!

ఆమె కంప్యూటర్‌లో వెతికింది. పీఎఫ్ పడిన వారంలోనే ఓంప్రకాశ్ ఏ పనీ లేకుండా ఆ ఖాతాను తొమ్మిది సార్లు తెరిచి చూశాడు. మరో ముగ్గురు బీడీ కార్మికులవి కూడా. అందరూ చదువురానివాళ్లే. ఫోన్ నంబర్ ఇవ్వనివాళ్లు కాబట్టి డబ్బు తీసినా మెసేజ్ పోదు. పిలిచి అడిగితే మొదట బుకాయించాడు. ఫారం ముందు పెట్టేసరికి ఆ వేలిముద్ర తనదేనని ఒప్పుకున్నాడు.

"మా మనిషి చేసిండు కాబట్టి బ్యాంకుదే బాధ్యత. మీ పైసలు మీకొస్తయి అవ్వా. జర టైం పడతది" అంది పద్మలత.

హమ్మయ్య! గుండెల మీది బరువు దిగింది నాకు. కుమార్ మాత్రం నేల చూపులు చూస్తూ, "ఎన్ని రోజులైతది మేడం?" అన్నాడు.

శంకరవ్వ వాడి వీపు మీద ఒక్కటి వేసింది. "పైసల ముచ్చట తర్వాత. ముందుగాల నీ చెల్లెకు ఫోన్ కొట్టు!"

కొట్టాడు. అటు నుంచి నర్మద గొంతు వినపడగానే వాడు బోరుమన్నాడు. శంకరవ్వే ఫోన్ లాక్కుంది.

"మీ అన్న మాట్లాడరాక ఏడుస్తుండు బిడ్డా. నువ్వే జర పలుకరియ్యి" అంటూ, కళ్లు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది.