తగ్గించిన డంబెల్

నా పెళ్లి ఆల్బమ్ మీకు చూపించను. చూపిస్తే మీరు ముందు అడిగేది పెళ్లికూతురి గురించి కాదు, నా కుడి భుజం గురించి. ప్రతి ఫొటోలోనూ అది చెవికి ఏదో చాడీ చెప్పబోతున్నట్టు పైకి లేచి ఉంటుంది. ఎడమది తనకేమీ సంబంధం లేనట్టు కిందే ఉంటుంది. ఈ ఘోరం నాకెవరూ చేయలేదు. నేనే, అరగంట బేరమాడి మరీ తెచ్చుకున్నాను.

మాది అమీర్‌పేటలో స్టీలు సామాన్ల కొట్టు. బిందెలూ గంగాళాలూ తూకానికి అమ్మే ఇల్లు. నాకు అక్షరాలకంటే ముందు కాటా వచ్చింది. గరిటె చేత్తో పట్టుకుని దాని బరువు చెప్పేవాణ్ణి. ఇక బేరమంటారా, మా వీధి ఆటోవాళ్లు నన్ను చూడగానే మారుమాట్లాడకుండా మీటరు వేసేవారు.

పెళ్లి నాలుగు నెలలుందనగా, సూటులో భుజాలు నిండుగా కనపడాలన్న బుద్ధి పుట్టింది. జిమ్‌కి నెలనెలా కట్టడానికి ప్రాణం ఒప్పలేదు. యూసుఫ్‌గూడలో ఒక సందులో పాత జిమ్ సామాన్లు అమ్మే యాదగిరి దగ్గరికి వెళ్లాను. నల్లరంగు దట్టంగా పూసిన డంబెల్స్ జత ఒకటి చూపించాడు. మీద అంకెలేవైనా ఉంటే అవి రంగు కింద ఎప్పుడో మునిగిపోయాయి. ఒక్కొక్కటి పది కిలోలన్నాడు.

"కొంచెం తగ్గించన్నా," అన్నాను.

తగ్గదన్నాడు. రెండుసార్లు అలిగి వెళ్లిపోయినట్టు నటించాను. రెండుసార్లూ ఆయన పిలవలేదు, నేనే తిరిగొచ్చాను. మూడోసారి మొదలుపెట్టేసరికి ఆయన కణతలు నొక్కుకున్నాడు.

"సరే, తగ్గిస్త. నీతోని ఏగుడు కాదు. జర తుడుచుకొస్త, ఆగు," అని జత పట్టుకుని లోపలికి పోయాడు. తిరిగొచ్చి గోనెసంచిలో కట్టి, నేనడిగిన ధరకే ఇచ్చేశాడు. ఆ రోజు నేను మెట్రో మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఒకదాని పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది. ఎరుపు శుభం కదా అని దాన్ని కుడి చేతికి కేటాయించాను. మొదటి రోజే విచిత్రం. ఎడమ చెయ్యి పూలసజ్జ ఎత్తినట్టు ఎత్తేస్తోంది, కుడి చెయ్యి వణుకుతోంది. కుడి చెయ్యి బద్ధకిష్టిదని తేల్చేశాను. కొట్లో పుట్టినవాడి లెక్క ఏమిటంటే, వెనకబడిన పనివాడికి ఇంకాస్త పని చెప్పాలి. ఎడమకి పదిసార్లు, కుడికి ఇరవై.

మూడు నెలలకి కుడి భుజం పొంగిన పూరీలా తయారైంది. మెడ పట్టేసింది. చెయ్యి భుజం దాటి పైకి లేవదు. తల గోక్కోవాలంటే తలనే చేతి దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చేది. నాన్న రెండు రోజులు చూశాడు. మూడో రోజు అన్నాడు:

"తాళి కట్టాలంటే రెండు చేతులూ లేవాలిరా. మూడు ముళ్లూ నీ తరఫున నేను వెయ్యలేనుగా."

పంజాగుట్టలో ఫిజియోథెరపీ చేసే సుజాత గారి దగ్గర పడ్డాను. ఆవిడ టేపుతో రెండు చేతులూ కొలిచారు, నెట్టి చూశారు, లాగి చూశారు.

"కుడివైపు కండలు బిగుసుకుపోయాయండీ. ఎడమవైపు బాగా వెనకబడింది. కుడికి ఎక్కువ బరువు ఎత్తుతున్నారా?"

"లేదండీ, రెండూ సమానమే. అసలు నా కుడి చెయ్యే బలహీనం. అందుకే దానికి రెట్టింపు చేయిస్తున్నా."

"నొప్పెడుతున్నా రెట్టింపేనా?"

"లేకపోతే దారికి రాదు కదండీ."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. డంబెల్స్ ముట్టుకోవద్దని, చెప్పిన సాగదీతలు రోజుకి పదిహేనుసార్లు, ఆరు వారాలు చెయ్యాలని అన్నారు. పెళ్లికున్నది నాలుగు. మూడు వారాలకి చూసుకోమన్నాను. పదిహేనుని ఎనిమిది చెయ్యమన్నాను.

"ఇది భుజమండీ, బేరం కుదరదు. ఇంతకీ ఆ డంబెల్స్ ఎప్పుడైనా తూచారా?"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "కాటాల మధ్య పెరిగినవాణ్ణి మేడం..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. తూచలేదు.

కొట్టుకి తెచ్చి, జనం చూస్తుండగా కాటా మీద పెట్టాం. ఎర్ర టేపుది పది కిలోలు. రెండోది ఏడున్నర. నాన్న దాన్ని తీసి, కాటా తుడిచి, మళ్లీ పెట్టాడు. ఏడున్నరే.

"గరిటె బరువు చేత్తో చెప్పేవాడివిగా," అన్నాడు. గంగాళం కొనడానికొచ్చినావిడ ఆ మాట విని, తన గంగాళం ఇంకోసారి తూయించుకుంది.

ఏడున్నర కిలోల సాక్ష్యాన్ని ఎడమ చేత్తో మోసుకుంటూ యాదగిరి మీదికి యుద్ధానికి వెళ్లాను. ఆయన టీ తాగడం కూడా ఆపలేదు.

"ఏమన్నవన్నా నువ్వు? తగ్గించు, తగ్గించు అని నా పానం తిన్నవ్. తగ్గించిన. గిప్పుడొచ్చి ఎందుకు తగ్గించినవంటున్నవ్."

దీన్ని మార్చి పది కిలోలది ఇవ్వమన్నాను.

"ఇస్త. గని గీసారి ఏమీ తగ్గియ్య," అన్నాడు.

పెళ్లిలో మూడు ముళ్లూ నేనే వేశాను. పళ్లు బిగబట్టి, కళ్లలోంచి నీళ్లు కారుతుండగా వేశాను. అత్తగారు అది ఆనందం అనుకుని తనూ ఏడ్చారు. తలంబ్రాల్లో మాత్రం చిత్తుగా ఓడిపోయాను. పెళ్లికూతురు రెండు చేతులతో నా నెత్తి మీద కుమ్మరిస్తుంటే, నా గుప్పిట్లో బియ్యం ఆమె మోచేయి దాకా వెళ్లి రాలిపోయాయి.

ఆ అగ్నిహోత్రం ముందు పురోహితుడు చెప్పించిన ప్రమాణాలన్నీ చేసి, చెప్పించనిది మరొకటి మనసులో చేశాను. ఇక ఈ జన్మలో ఎవరినైనా తగ్గించమని అడిగితే, ఏది తగ్గించాలో కూడా అప్పుడే చెబుతాను.