మసక, మంచు, మొగులు

నమ్మమని ఎవరినీ బతిమాలను. కానీ ఇది జరిగింది. ఆ రాత్రి నేను తాగలేదు... తాగడానికి కూడా ఓపిక లేదు. పాల్వంచలో ప్లాంటు కార్మికులను జీపులో తిప్పుతూ వరసగా రెండు షిఫ్టులు లాగించాను. ఇంటికొచ్చి ప్యాంటు కూడా మార్చుకోకుండా మంచం మీద పడ్డాను.

అప్పుడే దానియేలు తలుపు కొట్టాడు. మా వీధిలో ఉండే తాపీమేస్త్రీ. భార్య మేరీని కాన్పు కోసం అడవి లోపలున్న పుట్టింటికి పంపాడు. నొప్పులు మొదలై ఒక పూట గడిచిందట. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. నన్నెందుకు చంపుతావురా అని తిట్టాను. తిడుతూనే జీపు తీశాను.

మేరీని, వాళ్ల అమ్మను వెనక ఎక్కించుకుని భద్రాచలం దవాఖాన దారి పట్టేసరికి తెల్లవారుజాము మూడు దాటింది. డిసెంబరు నెల. రెండు మలుపులు తిరిగామో లేదో... మంచు కమ్మేసింది. లైట్లు వేస్తే తెల్ల గోడ. తీసేస్తే నల్ల గోడ.

ఇలాంటప్పుడు మా డ్రైవర్లకు ఒక పద్ధతి ఉంది. ఒకరు దిగి జీపు ముందు నడవాలి. నడుస్తూ దారి ఎలా ఉందో అరిచి చెప్పాలి. ‘మసక’ అంటే కొంచెం కనబడుతోంది, రావచ్చు. ‘మంచు’ అంటే మెల్లగా రా. ‘మొగులు’ అంటే ఇక మబ్బే రోడ్డు మీదికి దిగింది, ఏమీ కనబడదు, ఆగిపో. ఈ మూడు మాటలూ దానియేలుకు నేర్పి, టార్చిలైటు చేతికిచ్చి దింపాను.

నడిచాడు. కాసేపటికే టార్చి వెలుగు కనబడకుండా పోయింది. గొంతు మాత్రం వినబడుతోంది. మసక... మసక... నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ఫస్టు గేరులో ఆ గొంతు వెనకే పోతున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. వెనక మేరీ పళ్లు బిగబట్టి మూలుగుతోంది. మంచు... మంచు... ఎంత దూరం నడిచినా ఆ గొంతులో రొప్పు లేదు. దగ్గు లేదు. మనిషి ఇంతసేపు అలసిపోడా అనిపించింది. నాకైతే ఒళ్లంతా అలసటే.

అంతలో... చాలా దగ్గరగా... చెవి పక్కనే అన్నట్టు...

"మొగులు."

బ్రేకు తొక్కాను. జీపు ఆగింది. ఇంజను ఆపాను. ఆకుల మీంచి మంచు బొట్లు రాలుతున్నాయి... టప్... టప్... ఇంకే చప్పుడూ లేదు. దిగి చేతులు చాపి రెండడుగులు వేశాను. చేతికి చల్లగా, గుండ్రంగా ఏదో తగిలింది. వెదురు బొంగు. లైట్లు లేకుండా, మనిషి లేకుండా, రోడ్డు మీద ఏటవాలుగా ఆగిపోయిన వెదురు లారీ అది. బొంగుల కొసలు సరిగ్గా నా ఛాతీ ఎత్తున ఉన్నాయి.

దానియేలూ అని పిలిచాను. బదులు వెనక నుంచి వచ్చింది.

కుంటుకుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా బురద.

"మొదట్లనే కాల్వల పడ్డనన్నా. టార్చి పోయింది. మస్తు మొత్తుకున్న, నువ్వు ఆపలే."

"మరి ముంగట ఎవరు పిలిచిండ్రు?"

"నువ్వే గద. మసక, మంచు అనుకుంట పోతున్నవ్. నీ గొంతు పట్టుకునే వచ్చిన."

దారి పొడుగునా నేను ఒక్క కేక కూడా వేయలేదు. అప్పటిదాకా నాకు వినబడింది వాడి గొంతు.

ఇద్దరం జీపెక్కాం. వాడిని మళ్లీ దిగమని నేను అనలేదు. దిగుతానని వాడూ అనలేదు. లారీని తప్పించి అవతలికి తెచ్చి ఆపేశాను. తెల్లారితే గానీ కదిలేది లేదనుకున్నాను. అప్పుడు... ముందు నుంచి... మసక...

దానియేలు నా చెయ్యి పట్టుకున్నాడు. "పోకన్నా."

వెనక నుంచి మేరీ అంది. "ఎవరైతే ఏంది... పానం పోతున్నది. పోనియ్యన్నా."

పోనిచ్చాను. నేను వాడి నోరు చూస్తూ, వాడు నా నోరు చూస్తూ... ఇద్దరి పెదవులూ కదలడం లేదు. గొంతు మాత్రం పిలుస్తూనే ఉంది. భద్రాచలంలో మొదటి కరెంటు బల్బు కనబడ్డాకే ఆగింది.

దవాఖానలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. కొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని నర్సు చెప్పింది. ప్రభువు దూతను పంపాడని దానియేలు వాళ్ల చర్చిలో సాక్ష్యం చెప్పాడు. నిద్రమత్తులో విన్నానని నాకు నేనే సర్దిచెప్పుకుందామంటే, వాడు కూడా విన్నాడు కదా.

దూతే కావచ్చు. కాదనడానికి నేనెవరిని. రుణపడి ఉన్నాను కూడా. కానీ ఒక్కటి మాత్రం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. మమ్మల్ని కాపాడడానికే వచ్చి ఉంటే... తన గొంతుతోనే పిలవొచ్చు కదా?